చీమలు మోసిన నూకలు

బియ్యం విషయంలో నా కన్ను ఒక్కసారే తప్పింది. ఆ తప్పు బజార్లో జరగలేదు, మా ఇంట్లో జరిగింది. బజార్లో జరిగి ఉంటే ఒక లోడు నష్టంతో పోయేది.

ఆ రోజుల్లో ధాన్యం వీధిలో ఇద్దరు వ్యాపారులకు సరుకు దగ్గర పేచీ వస్తే నన్ను పిలిచేవాళ్లు. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, వెలుతురుకేసి తిప్పి, ఒక గింజను గోళ్ల మధ్య విరిచి, ఇది పాతది, ఇది కొత్తది, ఇందులో రెండు రకాలు కలిశాయి అని తేల్చేవాణ్ణి. ఆ మాటకు తిరుగుండేది కాదు. నన్ను ‘డేగకన్ను’ అనేవాళ్లు. వెక్కిరింపుగా మొదలైన పేరు పోనుపోను బిరుదైంది. అయితే ఆ వేసవికి ఏడాది ముందే నాకు దగ్గరి చూపు మందగించింది. డాక్టరు కళ్లద్దాలు రాశాడు. చేయించుకున్నాను, గల్లా సొరుగులో అడుగున దాచాను. డేగ కళ్లద్దాలు పెట్టుకుంటే కోడిపిల్లలు కూడా నవ్వుతాయి.

ముందు కొట్టు, వెనక ఇల్లు. రెంటికీ మధ్య సరుకు గది. అది దాటితే వంటిల్లు, మా గదులు. అన్నిటికన్నా వెనక, నీళ్ల ట్యాంకు కింద, ఒక చిన్న గది. అందులో మా తమ్ముడి భార్య, ఆమె ఏడేళ్ల కూతురు ఉండేవాళ్లు. తమ్ముడికి ఈ భూమ్మీద నూకలు చెల్లి అప్పటికి రెండేళ్లు. వాళ్లిద్దర్నీ నేనే పోషిస్తున్నానని నలుగురూ అనుకునేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు. నిజానికి కొట్టుకు వచ్చే బియ్యం, పప్పులు చెరిగి, రాళ్లు ఏరి, సంచులకెత్తేది ఆమే. చేటలో చప్పుడు విని పుల్ల ఉందో రాయి ఉందో చెప్పగల మనిషి. అలాంటి పనిమంతురాలు బయట దొరకదు. ఇంట్లో దొరికింది కాబట్టి ఆ విలువ నాకు తెలియలేదు.

ఎండలు ముదిరి, మబ్బులు వచ్చి ఊరించి పోతున్న రోజుల్లో చీమలు మొదలయ్యాయి. సన్నటి ఎర్రచీమలు. మొదటి రోజు చక్కెర డబ్బాలో, రెండో రోజు పాలగిన్నె చుట్టూ, నాలుగో రోజుకు మా అమ్మ దిండు కింద. నా భార్య వంటింట్లో ప్రతి గిన్నె కిందా నీళ్ల పళ్లెం పెట్టింది. బల్ల కాళ్లకు నీళ్ల చిప్పలు పెట్టింది. పసుపు చల్లింది, సుద్దముక్కతో గీతలు గీసింది. చీమలు గీత దాకా వచ్చి, కాసేపు ఆలోచించి, గోడెక్కి చుట్టూ తిరిగి వచ్చేవి.

“చీమలొచ్చాయంటే ఇల్లు నిండుగా ఉన్నట్టేనే. ఖాళీ డబ్బాల కొంపకు చీమెందుకొస్తుంది?” అంది అమ్మ.

“అయితే ఆ నిండుతనాన్ని మీ మంచం మీదికే పంపమంటారా అత్తయ్యా?” అంది నా భార్య.

“పంపు. నా దగ్గర కుట్టడానికేముంది, తోలూ ఎముకలూ. దానికే పళ్లు నొప్పెడతాయి.”

వాళ్లకు నవ్వులాటగానే ఉంది. నాకు కాదు. మామూలు ఇల్లయితే మందు పొడి చల్లి చేతులు కడుక్కోవచ్చు. తిండిగింజలున్న చోట మందు చల్లితే సరుకంతా చెడినట్టే. పైగా, సన్నబియ్యం బస్తా మీద చీమ పాకుతుంటే చూసిన కొనుగోలుదారు బస్తాను వదిలేసి పోడు, కొట్టునే వదిలేసి పోతాడు. కాబట్టి నేను చేయగలిగింది ఒక్కటే. అవి ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవాలి.

మరదలు ఒకటికి మూడుసార్లు చెప్పింది. “బావగారూ, మా గది గోడకు చెమ్మెక్కుతోంది. పైన ట్యాంకు గొట్టం ఎక్కడో కారుతున్నట్టుంది. ఒకసారి మేస్త్రిని పిలిపిస్తారా?”

“చూద్దాంలేమ్మా, సీజను పోనీ” అన్నాను మూడుసార్లూ. వ్యాపారంలో ‘చూద్దాం’ అంటే లేదని అర్థం. అది ఆమెకూ తెలుసు.

ఒక ఉదయం సరుకు గదిలో బస్తాలు సర్దిస్తున్నాను. మా దగ్గర బస్తాలు మోసే మనిషిని అందరూ పహిల్వాన్ అనేవాళ్లు. మనిషి చువ్వలా ఉంటాడు, నూరు కిలోల బస్తాను పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుతాడు. అతను ఒక సన్నబియ్యం బస్తా జరుపుతూ ఆగాడు.

“అయ్యా, దీని మూతి కుట్టు వదులైంది. ఎవరో విప్పి కట్టినట్టుంది.”

అప్పుడే గోడ వారగా నాకు చీమల బారు కనబడింది. ఇటునుంచి పోయేవి ఉత్త చేతులతో పోతున్నాయి. అటునుంచి వచ్చేవాటి నోట్లో తలా ఒక తెల్లటి నూక. బారు వెంట నడిచాను. వంటింటి గడప, వసారా, మలుపు. అది పోయి మరదలి గది తలుపు కింద దూరింది.

మా వ్యాపారంలో ఒక సూత్రం ఉంది. బండి ఎక్కడ నిండుతోందో సరుకు అక్కడుంది. చీమలు ఆ గదిలోకి ఖాళీగా పోయి నిండుగా వస్తున్నాయి. అంటే ఆ గదిలో బియ్యం ఉన్నాయి. బస్తా కుట్టు ఎవరు విప్పారో కూడా తేలిపోయింది. రెండూ రెండూ కలిపితే నాలుగు. నేను వంగి, ఒక కాగితంతో బారును తట్టాను. చీమలు చెదిరిపోయాయి, నాలుగైదు నూకలు కాగితంలో పడ్డాయి. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరో తెచ్చిన నమూనాను కూడా గోళ్ల మధ్య విరవకుండా నేనేనాడూ మాట చెప్పి ఎరగను. ఆ రోజు విరవలేదు. నా ఇంట్లో, నా బియ్యం, నాకు తెలియదా?

మధ్యాహ్నం పిండిమిల్లు గుమాస్తా గోధుమల కోసం వచ్చి కొట్టులో కూర్చున్నాడు. పహిల్వాన్ తూకం వేస్తున్నాడు. నా భార్య అందరికీ మజ్జిగ తెచ్చింది. అమ్మ కొట్టు గడపలో కూర్చుంది. మరదలు చేట పట్టుకుని పప్పు చెరుగుతోంది. పిల్ల బడికి పోయింది, అదొక్కటే నయం. వాళ్లంతా పోయేదాకా ఆగవచ్చు. నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదో చాలాసార్లు ఆలోచించాను. దొంగతనం పట్టుకున్నానని గుమాస్తాకు కూడా తెలియాలని ఉండింది. డేగకన్ను మరి.

“అమ్మాయ్, నీ గదిలో బియ్యం ఎంతున్నాయి?” అన్నాను.

చేట ఆగింది. “ఏ బియ్యం బావగారూ?”

“చీమలు మోసుకొస్తున్న బియ్యం.” జేబులోంచి కాగితం తీసి గాల్లో ఆడించాను. “తినడానికి లోటు చేశామా? అడిగితే పెట్టమా? బస్తా కుట్లు విప్పే కర్మేం పట్టింది?”

“బస్తా విప్పింది నిన్న నేనే. పురుగు చూడమని మీరే కదా చెప్పారు.”

చెప్పాను. మరిచిపోయాను. కానీ నలుగురిలో నోరు జారిన వ్యాపారి ధర తగ్గిస్తాడేమో గానీ మాట వెనక్కి తీసుకోడు. “అయితే నీ గదిలో పెట్టె తియ్యి” అన్నాను.

“ఏమండీ!” అంది నా భార్య.

మరదలు లేచింది. చీర కొంగుకు ముడేసుకున్న తాళంచెవి విప్పి నా చేతికివ్వలేదు, చేట మీద పెట్టింది. నేను తీసుకున్నాను.

పెట్టెలో మా తమ్ముడి చొక్కాలు నాలుగు ఉన్నాయి, ఇస్త్రీ మడత చెక్కు చెదరకుండా. పిల్ల పుస్తకాలు చెమ్మకు ఉబ్బి ఉన్నాయి. రెండు చీరలు. బియ్యం లేవు. గూట్లో చూశాను, లేవు. పరుపు ఎత్తాను. అడుగున బూజు, నల్లగా, నా అరచేయంత మచ్చలు. గోడ వైపు పిల్ల పడుకునే చోట మరీ ఎక్కువ. పరుపు దించేసి చెయ్యి పంచెకు తుడుచుకున్నాను. పాత సరుకు వాసన నాకు తెలుసు. ఆ గదిలో ఆ వాసనే ఉంది.

బయటికి వచ్చేసరికి అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. “లేవు” అంటే సరిపోయేది. నేనన్నది ఇదీ: “లేవు. ఎక్కడికో చేరేసి ఉంటుంది.”

మరదలు కూర్చుని, చేటలో మిగిలిన పప్పు పూర్తిగా చెరిగింది. చెరిగి, సంచికెత్తి, మూతి కట్టి, అప్పుడు లోపలికి పోయింది.

గుమాస్తా వెళ్లాక గల్లా దగ్గర ఒక్కణ్ణే ఉన్నాను. ఎందుకో కాగితం విప్పాను. ఒక నూకను తీసి గోళ్ల మధ్య పెట్టి నొక్కాను. బియ్యపు నూక అయితే టక్కున విరగాలి. అది విరగలేదు. మెత్తగా చిట్లి గోటికి తడి అంటింది. సొరుగులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని మిగతావి చూశాను. ఒక దానిలో లోపల సన్నటి నీడ కూడా కనబడింది.

చీమల గుడ్లు.

ఆమె వెనక గదిలోనే, ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. లోపల పెట్టె సర్దుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. లేచి, నాలుగడుగులు వేసి, “తప్పు నాదమ్మా” అంటే అయిపోయేది. నేను కళ్లద్దాలు తీసి మళ్లీ సొరుగు అడుగున పెట్టాను. కాగితం ఉండచుట్టి వీధి కాలవలో పారేశాను. మనసులో ఒక బేరం నడిచింది. ఇప్పుడు చెబితే బియ్యం వ్యాపారికి బియ్యానికీ గుడ్డుకీ తేడా తెలియలేదని వీధంతా నవ్వుతుంది. చెప్పకపోతే నాలుగు రోజుల్లో అదే చల్లారుతుంది. ఆమె ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోలేకే కదా ఆ గదిలో ఉంది.

మర్నాడు పొద్దున్నే పోయింది. పెట్టె, పరుపు, పిల్ల. మిల్లు వెనక సందులో దర్జీ వాళ్ల మేడ మీద గది చూసుకుందట. అమ్మ కాళ్లకు దణ్ణం పెట్టింది, నా భార్యను కావలించుకుంది. నాతో, “వెళ్లొస్తాను బావగారూ” అంది, ఏ రోజూ అన్నట్టే.

అమ్మ ఆ రోజు నుంచి నా ఎదురుగా అన్నం తినడం మానేసింది. నేను వస్తే కంచం పట్టుకుని లోపలికి పోయేది. నా భార్య ఒకరోజు ఉండబట్టలేక అంది: “దొరకలేదు కదా? అంటే తియ్యలేదనే కదా? ఆ ముక్క నోటితో అనడానికి మీకేం అడ్డమొచ్చింది?”

“చూద్దాం” అన్నాను.

చీమలు ఆపాటికే పోయాయి. ఒక్కటి లేదు. నీళ్ల పళ్లేలు, చిప్పలు అన్నీ నా భార్య తీసేసింది. తీరా చూస్తే ఆ ఇంట్లోంచి వెళ్లిపోవలసిన వాళ్లంతా వెళ్లిపోయారు.

మూడు వారాలకు వానలు పట్టాయి. మొదటి పెద్ద వానకు వెనక గది గోడ పెచ్చులూడి పడింది. అప్పుడు పిలిచాను మేస్త్రిని. అతను గోడ చెక్కి, ఇటుకల సందులోకి వేలు పెట్టి, బయటికి లాగిన మట్టిని నాకు చూపించాడు.

“ఇక్కడుందండీ పుట్ట. ఎప్పుడో ఖాళీ చేశాయి. ట్యాంకు గొట్టం పగిలి నెలల్నించీ గోడ నానుతోంది. ఈ చెమ్మకు గుడ్లు బతకవు, అందుకని పిల్లల్ని ఎత్తుకుని ఎండిన చోటికి పోయాయి. చీమ తెలివైందండీ.” చేతులు దులుపుకుని చుట్టూ చూశాడు. “ఈ గదిలో ఎవరైనా ఉండేవాళ్లా?”

“లేదు. సామాను పడేసేవాళ్లం” అన్నాను.

మర్నాడు పొద్దున బస్తాలు దింపుతూ పహిల్వాన్, నా వైపు చూడకుండా, బస్తాతో చెబుతున్నట్టు చెప్పాడు. “చిన్నమ్మగారు మిల్లులో జల్లెడ దగ్గర పనికి అడిగారట. పనితనం చూసి మిల్లాయన సరే అన్నాడట. తర్వాత గుమాస్తా ఏదో చెవిలో వేశాడు. తిండిగింజల దగ్గర చేతివాటం మనిషి వద్దన్నారట. మరి రెండు చోట్ల కూడా అదే మాటట. పిల్లకు దగ్గు తగ్గిందట గానీ, ఇంట్లో పొయ్యి మాత్రం ఒక పూటే వెలుగుతోందని దర్జీ చెప్పాడు.”

 “ఆమె తియ్యలేదురా” అన్నాను.

“తెలుసయ్యా.”

“ఎప్పుడు తెలుసు?”

“ఆ రోజే. మేం బస్తాలు మోసేవాళ్లం. తగ్గితే మా భుజానికి తెలుస్తుంది.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “మీరెప్పుడంటారా అని చూస్తున్నాం.”

చొక్కా వేసుకుని మిల్లుకు పోయాను. మిల్లు యజమాని నా ఈడువాడే, భారీ మనిషి, కనుబొమల మీద కూడా పిండి ఉంటుంది. గుమాస్తా పక్కనే ఉన్నాడు. గోధుమలు తెచ్చిన వాళ్లు నలుగురైదుగురు బల్లల మీద కూర్చున్నారు.

“మా మరదలి గురించి ఎవరో ఏదో చెప్పారట. ఆమె అలాంటి మనిషి కాదు. నా మాట మీద పనిలో పెట్టుకో” అన్నాను.

మిల్లాయన లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వు పెద్దమనిషివయ్యా. ఇంటి పరువు, తమ్ముడి పేరు, అవన్నీ చూసుకోవాలిగా. ఇంట్లో కన్నం వేసిన దానికి కూడా పూచీ పడుతున్నావు చూడు, ఎవడు చేస్తాడు ఈ రోజుల్లో? కూర్చో, టీ తాగు.” బల్లల మీద వాళ్లు కూడా నిజమే అన్నట్టు తలలూపారు.

టీ వచ్చింది. తాగాను. ఆమెకు పోయిన పేరు అలాగే పోయింది, నాకు లేని పేరు ఇంకొంచెం కలిసొచ్చింది. నా జీవితంలో అంత లాభసాటి బేరం మళ్లీ చేయలేదు. గేటు దాకా వచ్చాను. అక్కడ ఆగిపోయాను. ఎడమవైపు తిరిగితే మా కొట్టు. కుడివైపు సందులో దర్జీ మేడ. ఏ వైపూ పోలేక వెనక్కి తిరిగాను.

“మళ్లీ ఏంటయ్యా?” అన్నాడు మిల్లాయన.

“అవి బియ్యం కాదు. చీమల గుడ్లు.”

“ఏవి?”

మొత్తం చెప్పాను. బారు వెంట నడవడం, కాగితం మడత, గోళ్ల మధ్య విరవకపోవడం, పెట్టె వెతకడం. కళ్లద్దాల సంగతి కూడా చెప్పాను. అది చెప్పకపోతే ఎవరూ నమ్మేలా లేరు.  బల్ల మీద ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ వెంటనే అందరూ.

“గుడ్లా! ఒరేయ్, డేగకన్ను గుడ్లను నూకలన్నాడురా!”

“మొన్న నా బియ్యాన్ని రెండో రకమన్నాడే! ఏం చూసి అన్నాడో!”

“అన్నా, బస్తా గుడ్లు ఎంతకిస్తావ్?”

మిల్లాయన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. పిండి మీద నీళ్లు చారలు కట్టాయి. గుమాస్తా ఒక్కడే నవ్వలేదు, నేల చూస్తున్నాడు. చివరికి మిల్లాయన దగ్గుకుంటూ అన్నాడు: “రేపట్నుంచి రమ్మను ఆవిణ్ణి. ఒరే గుమాస్తా, నువ్వే పోయి పిలుచుకురా. వద్దులే, ఈయన్నే పోనీ.”

ఆ రోజుతో డేగకన్ను పోయింది. ఇప్పటికీ వీధిలో నన్ను ‘చీమలాయన’ అంటారు. పేచీలకు ఎవరూ పిలవరు. ఆ బాధ ఏడాదిలో మానింది. నాకు మానని సంగతి ఆ తర్వాత అరగంటలో జరిగింది.

దర్జీ మేడ మీద గది చిన్నదే గానీ రెండు కిటికీలున్నాయి, ఎండ లోపలి దాకా పడుతోంది. మరదలు పిల్ల పుస్తకాలను ఎండలో ఒక్కొక్క పేజీ విడదీసి ఆరబెడుతోంది. నన్ను చూసి లేచింది. కుర్చీ లేదు. చాప వేసింది. నేను నిలబడే చెప్పాను. గుడ్ల సంగతి, గోడ సంగతి, మిల్లులో నవ్వుల సంగతి. “అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెప్పాను. రేపట్నుంచి పనికి రమ్మన్నాడు. ఇంటికి వస్తానన్నా, నీ ఇష్టం. తప్పు నాది.”

ఆమె పుస్తకం మూయలేదు, వేలు పేజీల మధ్య పెట్టుకునే వింది. అంతా విని, ఒక్కటే అడిగింది.

“బావగారూ, ఇది మీకు ఎప్పుడు తెలిసింది?”

నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి, ఆ రోజే, నువ్వు పెట్టె సర్దుకుంటున్న చప్పుడు వింటూ ఉండగానే. అంటే ఇరవై నాలుగు రోజులు. మిల్లులో అంతమంది నవ్వుతుంటే నిలబడగలిగిన వాణ్ణి, ఈ ఒక్క మనిషి చూపు ముందు నిలబడలేకపోయాను.

“నిన్ననే. మేస్త్రి గోడ చెక్కితే బయటపడింది” అన్నాను.

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. ఆ రోజు పెట్టె తీయించినప్పుడు కూడా తడవని కళ్లు అప్పుడు తడిశాయి.

“నిన్న తెలిస్తే ఇవాళ వచ్చారు. అది చాలు. తెలిసి కూడా ఊరుకున్నారేమో అని ఇన్నాళ్లూ మిమ్మల్ని మనసులో ఎన్ని మాటలన్నానో. ఏమనుకోకండి బావగారూ, నా బుద్ధి పొరపాటు.”

క్షమించమని నన్నే అడిగింది. “దాందేముందమ్మా” అన్నాను.

ఇంటికి మాత్రం తిరిగి రాలేదు. మిల్లులోనే పని చేసి, జల్లెడల విభాగమంతా చూసుకునే దాకా వచ్చింది. వస్తూ పోతూ ఉండేది. అమ్మ పోయినప్పుడు దగ్గరుండి అన్నీ చేసింది. పిల్ల చదువుకుని టీచరైంది. తప్పు దాచిపెట్టే పిల్లలకు క్లాసులో నా కథే చెబుతుందట. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి ముందు ఆ కథ తీస్తుంది. చీమల దగ్గర నవ్విస్తుంది, మిల్లు దగ్గర ఇంకా నవ్విస్తుంది, చివరికి వచ్చేసరికి గొంతు మారుతుంది.

“పొరపాటు ఎవరైనా చేస్తారు. తెలిసిన మర్నాడే పరువు వదులుకుని నలుగురి ముందు ఒప్పుకున్నాడు మా పెదనాన్న. అదీ గొప్ప. అంతేనా పెదనాన్నా?” అంటుంది, నా చెయ్యి పట్టుకుని.

“అంతేనమ్మా” అంటాను.